సముద్రం చూడాలంటే సోఫా చాలు

ఆ ఆదివారం మధ్యాహ్నం టెక్సస్‌లో, ప్లేనోలోని ఆ ఇంట్లో ఐదుగురున్నారు. గ్రీకు దీవుల మధ్య ఎనిమిది రోజులు తెరచాప పడవలో తిరిగొచ్చిన రవికుమార్, సుధ దంపతులు. భోజనానికని పిలిస్తే నమ్మి వచ్చిన కేశవరావు, ఉమామహేశ్వరి దంపతులు. రవికుమార్ కూతురు ఉజ్వల, పదహారేళ్లది, చేతిలో ఒక కాగితం. ఇక టీవీకి తగిలించిన లాప్‌టాప్‌లో పద్నాలుగు వందల ఫొటోలు.

వీళ్లలో అదృష్టవంతులెవరు? పడవెక్కిన వాళ్లంటారు మీరు. తప్పు! సోఫాలో కూర్చున్న వాళ్లు! ఇతరుల విహారయాత్ర ఫొటోలు చూడటం శిక్ష అనేవాళ్లకి సుఖమంటే ఏమిటో తెలియదు.

ఆలోచించండి. పడవెక్కిన వాళ్లకి వాంతులయ్యాయి. సోఫా ఎక్కిన వాళ్లకి ఉల్లి పకోడీ అందింది. వాళ్లు వీసా కోసం హ్యూస్టన్ దాకా డ్రైవ్ చేశారు. వీళ్లు రిమోట్ దాకా కూడా లేవలేదు. గ్రీసులో దీవులు వేలల్లో ఉన్నాయట. భగవంతుడి దయ, దంపతులు ఆరే తిరిగారు.

ఉజ్వలకి మాత్రం ఈ వరం విలువ తెలియలేదు. వచ్చే శనివారం తెలుగు సంఘం పిల్లలని గాల్వెస్టన్ బీచ్‌కి తీసుకెళ్తోంది. కాగితం మీద అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. పేర్ల లిస్టు ఉమామహేశ్వరి సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. పోయినేడు దాకా అమ్మమ్మ గారి ఊళ్లో చదువుకున్న ఉజ్వల సముద్రాన్ని ఒక్కసారే చూసింది. అదీ విమానం కిటికీలోంచి. అది సముద్రమో మబ్బో ఆమెకి ఇప్పటికీ అనుమానమే.

"నాన్నా, సంతకం..."

"ఈ ఐలండ్ అవనీరా."

మూడో ఐలండ్‌లో సుధ అందుకుంది. "పడవలో కుక్కర్ పెట్టానండీ ఉమగారూ. మూడో విజిల్‌కి వెనక పడవవాడు లంగరు పీక్కుని పారిపోయాడు! సముద్రంలో మూడు విజిల్స్ అంటే 'వెనక్కొస్తున్నాం' అనట!"

"పప్పు ఉడికిందా మరి?" కేశవరావు అసలు సంగతి అడిగాడు.

"నాన్నా, ఒక్క సంతకం..."

"ఇదిగో, ఈ సన్‌సెట్ చూడు!"

సన్‌సెట్లు నూటపది ఉన్నాయి. అన్నిట్లోనూ సూర్యుడు ఒకేలా మునిగాడు. ఎంత నమ్మకస్తుడు!

"ఇక్కడ ఆదివారం నాలుగున్నరకి బయల్దేరామండీ. రాహుకాలం అని మొత్తుకున్నాను, వింటేనా!" అంది సుధ.

"మన రాహుకాలానికి గ్రీసులో వీసా లేదన్నాను," అన్నాడు రవికుమార్.

అందరూ నవ్వారు. ఉజ్వల కూడా నవ్వింది.

చివరి ఫొటో అయ్యేసరికి నాలుగూ ముప్పై ఐదు. ఉమామహేశ్వరే కదిలింది. "రవిగారూ, అమ్మాయి కాగితం మీద సంతకం పెట్టేయండి. లిస్టులో తనొక్కతే మిగిలింది."

రవికుమార్ పెన్ను మూత తీశాడు. గడియారం చూశాడు. మూత పెట్టేశాడు.

"రాహుకాలం వచ్చేసిందండీ. ఆరు దాటాక పెడతా."

"ఐదింటికే పంపాలండీ!"

"ఆడపిల్ల ప్రయాణం. తొందరెందుకు?"

నలుగురిలో నోరు విప్పని ఉజ్వల ఆ రోజు విప్పింది. "రాహుకాలానికి వీసా లేదన్నారు కదా నాన్నా?"

"గ్రీసులో లేదమ్మా," అన్నాడు కేశవరావు. "ఇక్కడ మనకే రాలేదు గానీ, దానికి గ్రీన్‌కార్డ్ వచ్చేసింది!"

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి నలుగురే.

"ఏముందే అక్కడ? అంతా నీళ్లే," అని కాగితం ముట్టకుండానే సుధ ఓదార్చింది. "కావాలంటే ఫొటోలు మళ్లీ మొదట్నించీ పెడతా."

చూశారా! అసలు సముద్రమైతే ఒక్క శనివారమే. ఫొటోల్లో సముద్రం రోజూ ఉంటుంది. దానికి లైఫ్ జాకెట్ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, కాళ్లు తడవవు. కాళ్లు తడుపుకోవాలని అంత సరదాగా ఉంటే బాత్‌టబ్ ఉంది కదా!

కేశవరావు దంపతులు బయల్దేరారు. ఉజ్వల చెప్పుల్లేకుండానే వాళ్ల కార్ దాకా పరిగెత్తింది. బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. ఉమామహేశ్వరి వాచీ చూసుకుంది. "ఐదింటికి ఇంకా నాలుగు నిమిషాలు టైముంది తల్లీ. నేనిక్కడే ఆగుతా. ఇంకోసారి అడిగి చూడు."

ఉజ్వల వెనక్కి పరిగెత్తింది. గుమ్మంలో రవికుమార్ నిలబడి ఉన్నాడు. ఆమె కాగితం చాపింది.

"ఏసీ అంతా బయటికి పోతోంది," అని అతను తలుపు వేసేశాడు.