జాంబియా జట్టుకు తలస్నానం

భార్యను కడసారి చూడడానికి లింగమూర్తి నాందేడ్ స్టేషన్‌లో నిలబడి ఉన్నాడు. కిన్వట్ వైపు నుంచి వచ్చే బండే సాయంత్రం వెనక్కి మళ్లి, ఆమె పుట్టిల్లు ఇస్లాపూర్ మీదుగా పోతుంది. చేతిసంచిలో ఆకుపచ్చ చీర, డజను గాజులు, కుంకుమ పొట్లం ఉన్నాయి. ముత్తైదువగా పోయిన మనిషికి పెట్టవలసినవి. చుట్టూ వాడ జనం ఇరవైమంది. పక్కింటి విమలాబాయి ముక్కు చీదుతోంది. మిల్లులో తోటి పనివాడు భీమ్‌రావు అతని భుజం వదలడం లేదు.

లింగమూర్తి చెవుల్లో భాగ్యవతి చివరి మాట ఒక్కటే తిరుగుతోంది.

ఆదివారం ఇస్లాపూర్‌లో మామగారి సంవత్సరీకం. పిండాలు పెట్టే వేళకు అల్లుడు పెరట్లో రేడియో చెవికి ఆనించి, మారిషస్ మీద జాంబియా ఫుట్‌బాల్ జట్టు గెలిచిందో లేదో వెతుకుతున్నాడు. భాగ్యవతి చూసింది. "మా నాయన కోసం చెంబెడు నీళ్లు పోసుకోనీకి నీకు తీరలే. పో, నీ జాంబియాతోనే ఉండు" అంది. ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది. అతను ఒక్కడే తిరిగొచ్చాడు.

అతను ఒకప్పుడు మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపర్. ఎనభై ఎనిమిది ఒలింపిక్స్‌లో ఆఫ్రికాలోని ఆ రాగిగనుల దేశం ఇటలీని నాలుగు–సున్నాతో ఓడించిన నాటి నుంచి ఆ ఆటగాళ్లు అతనికి ఇంటివాళ్లయ్యారు. వాళ్ల గోల్‌కీపర్ ఎఫర్డ్ చబాలా పేరు అతని నోట్లో మేనల్లుడి పేరులా నానేది.

ఈవేళ గురువారం. పొద్దున రేడియో చెప్పింది. ఆ జట్టు ఎక్కిన విమానం గాబన్ దగ్గర సముద్రంలో కూలింది. పద్దెనిమిదిమంది ఆటగాళ్లు పోయారు. చబాలా కూడా. హాలండ్‌లో ఉండబట్టి కెప్టెన్ బతికాడు.

లింగమూర్తి బయటికొచ్చి కట్టుబట్టలతోనే నల్లా కింద కూర్చున్నాడు. చావు కబురు విన్నవాడు చేసే స్నానం అది. ఎవరు పోయారని విమలాబాయి అడిగింది. ఈ వయసులో బంతాట వాళ్ల కోసమని చెప్పడానికి సిగ్గేసి, తల వంచుకుని లోపలికి పోయాడు. పొయ్యి ముట్టించలేదు.

భార్య ఇస్లాపూర్‌లో ఉంది, మొగుడు తడిబట్టలతో ఏడుస్తున్నాడు. విమలాబాయికి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. పన్నెండు గంటలకు ఆ కబురు వాడంతా తిరిగి లింగమూర్తి గుమ్మానికే వచ్చింది. భీమ్‌రావు వాటేసుకుని, వదిన ఇలా పోతుందనుకోలేదని భోరుమన్నాడు. ఇస్లాపూర్ నుంచి వీళ్లకు కబురంది ఉంటుందనుకున్నాడు లింగమూర్తి. ఇద్దరు పట్టుకుని మళ్లీ నల్లా కింద కూర్చోబెట్టారు.

బండి ఆగింది. మూడో పెట్టెలోంచి భాగ్యవతి దిగింది. జుట్టు విరబోసుకుని ఉంది. చేతులకు గాజుల్లేవు. ఆమెను పట్టుకుని తమ్ముడు వెంకట్రాములు, అతని చంకలో కొత్త ధోవతి. వెనకాల రైళ్లలో దువ్వెనలమ్మే కాశీరాం.

లింగమూర్తి చేతిలోంచి సంచి జారిపోయింది.

"నువ్వు సచ్చిపోయినవన్నరు గద" అంది భాగ్యవతి.

"నువ్వు గూడ" అన్నాడు లింగమూర్తి.

వెంకట్రాములు ప్లాట్‌ఫారం మీదనే పంచాయితీ పెట్టాడు. లింగమూర్తి ఇంట్లో చావని కాశీరాం నాందేడ్ నుంచి కబురు మోసుకొచ్చాడు. ఇంట్లో ఉన్నది ఒక్కడే గనక, పోయింది బావేనని ఊరు తేల్చింది. ఆడవాళ్లు అక్క గాజులు తీసేశారు. కాశీరాం విమలాబాయిని చూపించాడు. విమలాబాయి స్నానాన్ని చూపించింది. అందరూ లింగమూర్తి వైపు తిరిగారు.

"ఎవరి కోసం జేసినవు తానం?" అని అడిగింది భాగ్యవతి.

"జాంబియా పోరగాండ్లు. ఇమానం సముద్రంల పడ్డది. పద్దెనిమిదిమంది."

భీమ్‌రావుకు నవ్వొచ్చింది గానీ, భాగ్యవతి ముఖం చూసి మింగేశాడు. ఆమె బోసి మణికట్లను చూసుకుంటోంది.

"పెండ్లాలున్నరా వాండ్లకు?"

"శానమందికి ఉండొచ్చు."

ఆమె ప్లాట్‌ఫారం నల్లా దగ్గరికి వెళ్లి రెండు దోసిళ్ల నీళ్లు నెత్తిన పోసుకుంది. తడి జుట్టుతోనే వచ్చి కింద పడిన సంచి విప్పింది. ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించుకుంది. రెండు పగిలి ఉన్నాయి.

వెంకట్రాములు ఇంకా చల్లారలేదు. "గట్లయితె ఎట్లక్కా? దోషి ఎవలో తేలాలె. బావ మీద కప్పనీకి తెచ్చిన ఈ ధోవతి నేనేం జేసుకోవాలె?"

"మా నాయనకు చెయ్యని తానం పరాయి పోరగాండ్లకు జేసిండు" అంది భాగ్యవతి, చివరి గాజు తోసుకుంటూ. "తప్పు మీ బావదే. ధోవతి గూడ ఆయనకే ఇయ్యి, కొలత సరిపోతది."