సగటు ముప్పై మూడేళ్ళ ఓడ

ఆ ఉదయం పథకం చాలా చిన్నది. తొమ్మిదిలోగా వారం రోజుల విహారానికి ఓడ ఎంచుకోవాలి, పదిలోగా టిక్కెట్లు తీసుకోవాలి, ఆ తర్వాత భార్య దృష్టిలో మహానుభావుడైపోవాలి. గణాంకాల ఆఫీసులో పనిచేసే అతన్ని అందరూ సగటు సారనే పిలుస్తారు. చొక్కా కొనాలన్నా, డాక్టరును ఎంచుకోవాలన్నా ముందు సగటు తీయనిదే అతనికి ముద్ద దిగదు.

భార్య ఫిజియోథెరపిస్టు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్దవాళ్ళ మోకాళ్ళు వంచడం, చాచడం ఆమె పని. నాలుగేళ్ళుగా సెలవన్నది ఎరగదు పాపం.

"ఏవండీ, మన ఈడువాళ్ళుండే ఓడ చూడండి. అంతకుమించి నాకేం వద్దు. ఈ వారం రోజులూ నా ముందు ఎవరూ మోకాలన్న మాట ఎత్తకూడదు. ఎత్తారో, తిరిగొచ్చాక మీతో మాట్లాడను."

"నాకొదిలెయ్," అన్నాడు సగటు సారు. ఈ మాట అన్నవాళ్ళకు ఆ తర్వాత ఏమవుతుందో లోకమంతటికీ తెలుసు, అతనికి తప్ప.

ట్రావెల్స్ ఆఫీసులో అమ్మాయి మూడు కంపెనీల ఓడలు చూపించింది. అతను ఈత కొలను ఫొటోలు పక్కకు నెట్టి, ప్రయాణికుల సగటు వయసు అడిగాడు. మొదటి ఓడలో అరవై ఒకటి, రెండోదాంట్లో ముప్పై ఎనిమిది, మూడోదాంట్లో ముప్పై మూడు.

"మీ ఇద్దరికీ రెండోదైతే బాగుంటుంది సర్. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, సాయంత్రమైతే డాన్సులు..."

"సరిగ్గా మా ఈడు ముప్పై మూడుండగా ముప్పై ఎనిమిదెందుకమ్మా? మాకన్నా ఐదేళ్ళు ముసలి ఓడ అది!"

"కానీ సర్, మూడోదాంట్లో ఎక్కువగా ఎవరొస్తారంటే..."

"అమ్మా, పదేళ్ళుగా అంకెలతోనే కాపురం చేస్తున్నాను. నాకు చెప్పకు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఆ అమ్మాయి ఎందుకు వాదిస్తుంది? బుద్ధిగా టైపు చేసింది. "పిల్లలెంతమంది సర్?"

"లేరు."

"పోనీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారా?"

"ఎవరూ రారు. మేమిద్దరమే."

ఆ అమ్మాయి జాలిగా చూసింది. అతను దాన్ని గౌరవమనుకున్నాడు. ఆటగది పక్క గది కావాలా, అందరూ అదే అడుగుతారంటే, ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

ఓడ ఎక్కే చోట మొదట కనిపించినవి చంటిపిల్లల బళ్ళు. వాటిలో పాలసీసాలతో మనవలు, వాటి వెనక చేతికర్రలతో తాతలూ బామ్మలూ. సెలవు దొరకని తల్లిదండ్రులు ఒడ్డున నిలబడి చేతులూపుతున్నారు. ఆ ఊపులో బెంగ కన్నా హుషారే ఎక్కువ. అరవై నాలుగేళ్ళ తాతను, రెండేళ్ళ మనవణ్ణి కలిపి రెండుతో భాగిస్తే ముప్పై మూడు. లెక్క నిక్షేపంలా ఉంది. నిజంగా ముప్పై మూడేళ్ళ ప్రయాణికులు మాత్రం ఓడ మొత్తానికి వీళ్ళిద్దరే.

"మన ఈడువాళ్ళేరండీ?" అంది భార్య.

"సగటున ఉన్నారు," అన్నాడతను నీరసంగా.

అంతలో ఒక బామ్మ మెట్ల దగ్గర ఆగింది. "కాస్త చెయ్యందిస్తావా తల్లీ? ఈ మోకాళ్ళు చూడు..."

భార్య అతని వైపు చూసింది. ఆ చూపుకు అతని పైప్రాణాలు పైనే పోయాయి. ఆమెను ఏదో ఒకలా పొగిడి చల్లబరుద్దామని నోరు జారాడు. "బామ్మగారూ, మీరు అదృష్టవంతులు! మా ఆవిడకు మోకాళ్ళ వైద్యంలో తిరుగులేదు!"

మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఆటగది దాటి వరస. మోకాళ్ళు చూపించుకోవాలంటే చంకలో మనవడు ఉండకూడదు కదా! "పది నిమిషాలు చూస్తుండు నాయనా," అంటూ ఒక్కొక్కరే అతనికి అప్పగించారు. మధ్యాహ్నానికి పదకొండుమంది పోగయ్యారు. నలుగురు కరిచారు. భార్య అప్పటికే మాటలు మానేసింది.

అతను కెప్టెన్ దగ్గరకు పరుగెత్తి మొర పెట్టుకున్నాడు. "ఈ వరస ఆపించండి సార్, నా కాపురం నిలబెట్టండి!"

"వైద్యం చేసేవాళ్ళు మా రూల్ ప్రకారం సిబ్బందే," అన్నాడు కెప్టెన్. "రోజుకు రెండు గంటలు చేస్తే చాలు. మిగతా సమయమంతా ఆవిడ కింది డెక్‌లో మా వాళ్ళతో గడపొచ్చు. ఈ బ్యాడ్జీ ఇవ్వండి."

కింది డెక్‌లో వంటవాళ్ళు, వాద్యగాళ్ళు, ఈత నేర్పేవాళ్ళు. ఒక్కరికీ ముప్పై అయిదు దాటలేదు. సాయంత్రమైతే పాటలు, డాన్సులు. అక్కడ పని మాటెత్తినవాళ్ళు ఆ రోజు గిన్నెలు తోమాలట, అందుకని మోకాలి ఊసే లేదు. ప్రయాణికులకు ప్రవేశం లేదు. తలుపు దగ్గర మనిషి సగటు సారును మర్యాదగానే వెనక్కి పంపాడు.

మర్నాడు సాయంత్రం ఆమె కూనిరాగం తీస్తూ గదికొచ్చింది. "ఎంత మంచి ఓడ చూశారండీ! నాలుగేళ్ళ అలసట తీరిపోయింది. మీకెలా ఉంది?"

సగటు సారు చొక్కా మీది పాలమరకలు తుడుచుకుంటూ కాసేపు లెక్క చూసుకున్నాడు.

"మెరుగే. నిన్న నలుగురు కరిచారు, ఇవాళ ఇద్దరే."