ఫ్లైవీలు వెంట వచ్చిన గేర్‌బాక్సు

1999 అక్టోబరు తొమ్మిది, శనివారం. ఆస్ట్రేలియాలో, పెర్త్ నగరంలోని కానింగ్ వేల్‌లో ద్వారకానాథ్ ఉదయం ఏడింటికి లేచి, కారు చప్పుడు సంగతి ఆ రోజే తేల్చేయాలని నిర్ణయించుకున్నాడు. పదింటికల్లా అయిపోతుందని భార్యకు చెప్పాడు.

కారు పదకొండేళ్లది, క్లచ్ ఉండని ఆటోమేటిక్. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వెనక నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. రెండు వారాలుగా పెరుగుతోంది. నవంబరు మూడున అతని భార్య డాక్టర్ శేషుకుమారికి ఆ కారులోనే డ్రైవింగ్ టెస్టు ఉంది. వంద కిలోమీటర్ల అవతల నార్తమ్‌లోని ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. నవంబరు పదిహేనున లైసెన్సుతో వచ్చి చేరాలని ఉత్తరంలో రాశారు. ఈ టెస్టు తప్పితే మళ్లీ తేదీ దొరికేది జనవరిలోనే. ఉద్యోగం అందాకా ఆగదు.

టెస్టు ఇది మూడోసారి. మొదటి రెండూ డ్రైవింగ్ స్కూలు ఆటోమేటిక్ కార్లలో ఇచ్చింది. రెండుసార్లూ కారు నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ కార్ల బ్రేకులే సరిగా లేవని, ఈసారి సొంత కారులో తప్ప ఇవ్వనని ఆమె చెప్పింది. సొంత కారు కూడా అలాగే ఆగుతోందన్న మాట ద్వారకానాథ్ ఎత్తలేదు.

అతను కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. తర్వాత అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక బీమా కంపెనీలో, 2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా, రెండంకెలున్న సంవత్సరాలను నాలుగంకెలు చేస్తున్నాడు. కాలేజీ వదిలాక స్పానర్ పట్టుకోలేదు.

బానెట్ ఎత్తి పది నిమిషాలు విన్నాడు. "ఫ్లైవీలు పగిలింది," అన్నాడు.

శేషుకుమారి లోపలికి వెళ్లి స్టెతస్కోపు తెచ్చింది. వంగి, ఇంజిన్ మీద ఒకచోట, గేర్‌బాక్సు మీద ఒకచోట పెట్టి విన్నది. "చప్పుడు ఈ రెండిటి మధ్యన ఉండాది. ఏం పగిలిందో తెరిచి చూడకుండా ఎట్ల చెప్తారు? మెకానిక్ ఫుర్కాన్ అన్నకు చూపించండి."

"మధ్యన ఉండేది ఫ్లైవీలే కదా శేషూ. ఫైనలియర్లో పదహారు మార్కుల ప్రశ్న. మొత్తం రాశాను."

"నేనూ గుండె గురించి మొత్తం రాసినా. అట్లని వినకుండా కోస్తామా?"

పాత కార్లు విప్పి సామాన్లు అమ్మే యార్డుకు అతను ఫోన్ చేశాడు. యార్డు మనిషి మోడల్ అడిగాడు, ఏడాది అడిగాడు. మూడో ప్రశ్న మొదలుపెడుతుండగా ద్వారకానాథ్ "ఐ యామ్ ఎ మెకానికల్ ఇంజినీర్, మేట్," అన్నాడు. అవతలి మనిషి ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నానికి ఫ్లైవీలు, పదకొండు కిలోల ఇనుప చక్రం, ఇంటికి వచ్చింది.

సోమవారం అతను సెలవు పెట్టి, ఫ్లైవీలుతో సహా కారును ఫుర్కాన్ షెడ్డుకు తీసుకెళ్లాడు. ఫుర్కాన్‌ది హైదరాబాదు, మలక్‌పేట. కానింగ్ వేల్‌లో ఆరేళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. కారును పైకెత్తి, గేర్‌బాక్సు దించాడు. ఇంజిన్ చివర పళ్లెమంత రేకు ఒకటి ఉంది. బోల్టుల చుట్టూ పగిలి ఉంది.

"ఇగో, ఇదే చప్పుడు జేసేది. ఫ్లెక్స్ ప్లేటంటరు దీన్ని. నువ్వు తెచ్చింది పనికిరాదు భాయ్. అది మాన్యువల్ బండిది."

"ఈ రేకా? ఇంజిన్ జోరంతా ఈ రేకు మీద పోతోందా? పాత ఓనరు ఫ్లైవీలు తీసేసుకుని దీన్ని పెట్టాడండీ."

"అరె, కంపెనీల్నే గట్ల వస్తది. ఆటోమేటిక్‌ల ఫ్లైవీలు ఉండది. వెనక టార్క్ కన్వర్టర్ ఉన్నది సూడు, నూనె నింపిన డబ్బా. బరువంత దాన్లనే. రేకు దాన్ని పట్టుకొని తిప్పుతది, అంతే."

"ఫ్లైవీలు లేని ఇంజిన్ ఉండదు ఫుర్కాన్ భాయ్."

"నీ ముంగటనే ఉన్నది గదా."

నమాజు వేళ అయింది. వచ్చి మాట్లాడుకుందామని చెప్పి ఫుర్కాన్ వెళ్లాడు. ద్వారకానాథ్ ఒక్కడే మిగిలాడు. ఫ్లైవీలును కన్వర్టర్‌కు ఆనించి చూశాడు. రంధ్రాలు కలవలేదు. పాత ఓనరు కన్వర్టర్ కూడా మార్చాడని అతనికి అర్థమైంది. గోడకు డ్రిల్ వేలాడుతోంది. ఫ్లైవీలు రంధ్రాలు ఎక్కడ వస్తున్నాయో కన్వర్టర్ మీద సుద్దతో గుర్తులు పెట్టి, మొదటి రంధ్రం వేశాడు.

ఫుర్కాన్ వచ్చేసరికి షెడ్డులో ఎర్ర నూనె గుమ్మం దాకా వచ్చింది.

"ఏం జేసినవ్ భాయ్?"

"హోల్స్ కలవలేదండీ."

ఫుర్కాన్ రంపపు పొట్టు తెచ్చి నూనె మీద చల్లాడు. ఆ తర్వాత ఫోన్ దగ్గరికి వెళ్లాడు. కన్వర్టరూ ఫ్లెక్స్ ప్లేటూ మెల్బోర్న్ నుంచి రావాలి. ఐదు వారాలు పడుతుంది. టెస్టుకు ఇంకా ఇరవై మూడు రోజులే ఉంది.

"ఫ్లైవీలు ఏ బండిదో, ఆ బండి యార్డుల ఇంకా ఉందంటనా?"

"ఉంటుంది. ఏం?"

"గేర్‌బాక్సు, క్లచ్, పెడల్స్ అన్నీ దానియే తెద్దం. మాన్యువల్ జేస్తే పదిరోజుల్ల అయితది. ఇంకో రస్తా లేదు. భాభీని అడుగు ముందుగాల."

"అడుగుతాను," అన్నాడు ద్వారకానాథ్.

ఆ సాయంత్రం శేషుకుమారి, "రిపేరీ అవుతుందా?" అని అడిగింది. "అవుతోంది," అన్నాడు. అది అబద్ధం కాదు. మరుసటి రోజు, "ఫ్లైవీలేనా?" అని అడిగింది. "ఫ్లైవీలు వేస్తున్నాం," అన్నాడు. అదీ అబద్ధం కాదు. మిగతాది రేపు చెబుదామనుకున్నాడు. పది రోజులు అలాగే అనుకున్నాడు.

అక్టోబరు ఇరవై రెండున ఫుర్కాన్ కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. శేషుకుమారి తలుపు తీసి కూర్చుంది. కిందికి చూసింది.

"ఏమండీ, పెడల్స్ మూడున్నాయే."

"అదే చెబుదామనుకుంటున్నా."

"ఎప్పుడు? టెస్టు అయినాకనా?"

"నార్తమ్ నేను దింపుతాను, రోజూ."

"రోజుకి రెండొందల కిలోమీటర్లు. మీ ఆఫీసు ఎవురు చేస్తారు?" ఆమె ఫుర్కాన్ వైపు తిరిగింది. "అన్నా, పక్కన కూర్చో."

క్లచ్ తొక్కి గేరు వేసింది. కారు కుదుపు లేకుండా మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నలభై నిమిషాలకు తిరిగి వచ్చింది. ఫుర్కాన్ దిగాడు.

"భాయ్, భాభీకి నేర్పేందుకు ఏం లేదు. రివర్సుల నాకన్న మంచిగ వస్తున్నరు."

ద్వారకానాథ్ భార్యను చూశాడు. "కదిరి ఆసుపత్రిలో పనిచేసినప్పుడు జీపుకి డ్రైవరున్నాడన్నావు."

"ఉన్నాడు, కోటేశ్వరరావు. పక్క సీట్లో నిద్రపోతాండె. జీపు తోలుకొని ఊర్లు తిరిగింది ఆరేండ్లూ నేనే." ఆమె తన ఎడమకాలు చూసుకుంది. "ఇన్నాళ్లూ ఈ కాలు క్లచ్ అనుకొని బ్రేకు తొక్కుతాండింది. ఇప్పుడు దానికీ ఒక పని దొరికింది."

నవంబరు మూడున ఫుర్కాన్ ఆమెను టెస్టుకు తీసుకెళ్లాడు. ద్వారకానాథ్ ఆఫీసు నుంచి బస్సులో వచ్చి లైసెన్సు కేంద్రం బయట నిలబడ్డాడు. ముప్పై ఐదు నిమిషాల తర్వాత కారు వచ్చి గీతల మధ్య ఆగింది. ఆఫీసర్ కాగితం మీద సంతకం పెట్టి, ఆమెతో చెయ్యి కలిపాడు.

"ఇలా ఇవ్వు, ఇంటికి నేను నడుపుతాను," అని ద్వారకానాథ్ తాళం కోసం చెయ్యి చాచాడు. మాన్యువల్ కారు అతను ఎన్నడూ నడపలేదు. అది ఎలా పనిచేస్తుందో మాత్రం తెలుసు.

"మీరు మాన్యువల్ టెస్టు ఎప్పుడు ఇచ్చినారు?" అంది శేషుకుమారి.

అతను లైసెన్సు తీసి చూశాడు. ఆటోమేటిక్ మాత్రమే నడపవచ్చని అందులో ఉంది. ఆఫీసర్ ఇంకా అక్కడే ఉన్నాడు. చాచిన చెయ్యిని ద్వారకానాథ్ జేబులో పెట్టుకుని, వెనక సీట్లో ఎక్కాడు.

నవంబరు పదిహేనున ఆమె నార్తమ్‌లో చేరింది. ఆదివారాలు పక్కన కూర్చుని అతనికి క్లచ్ నేర్పింది. తాను పట్టుదల గల మనిషినని, జనవరి నాలుగున మొదటి ప్రయత్నంలోనే నెగ్గుతానని అతను ఆఫీసులో అందరికీ చెప్పాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. అతని కంపెనీలో ఒక్క కంప్యూటరూ ఆగలేదు. నాలుగో తేదీ టెస్టులో కారు నాలుగుసార్లు ఆగింది.