దుర్గమ్మ చట్నీకి నోటిఫికేషన్

హైదరాబాద్ ప్రజల పొద్దుటి ఆకలి బాధ్యత ఇక తనదేనని కిషన్ రావు గారు 2012 జూన్‌లో చిక్కడపల్లిలో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ఆయన అధికార పార్టీ నగర కార్యదర్శి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో ఒక కంపెనీ టిఫిన్ సెంటర్లు మూడు ఫ్రాంచైజీ కింద నడుపుతున్నారు. ఇంకో ఏడు తీసుకుంటారట. వాటితో పాటే 'దుర్గమ్మ చట్నీ' పేరుతో సొంత బ్రాండు.

"కంపెనీ ఫ్రాంచైజీలో ఉంటూ సొంత బ్రాండు పెట్టొచ్చా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"పార్టీల ఉండి సొంత వర్గం నడుపుత లేనా? ఇరవై ఏండ్ల అనుభవం," అన్నారు ఆయన వినయంగా.

దుర్గమ్మ అశోక్ నగర్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. ఆమె పల్లి చట్నీ కోసం గ్రూప్-టూ అభ్యర్థులు కరెంట్ అఫైర్స్ పక్కన పడేసి లైన్లో నిలబడతారు. ఆరేళ్లుగా నేనూ నిలబడుతున్నాను. కొత్త బ్రాండు మొదటి హోటల్ ఆమెకే ఇస్తానని కిషన్ రావు గారు మైకులోనే మాటిచ్చారు. ఇక జీతానికి ఒకరి పొయ్యి ముందు నిలబడేది లేదని దుర్గమ్మ ఆ రోజే గల్లీ అంతా చెప్పుకుంది.

మర్నాడు ఎమ్మెల్యే గారి బామ్మర్ది, కార్పొరేటర్ గారి వియ్యంకుడు ఆ హోటల్ మాకంటే మాకన్నారు. కిషన్ రావు గారు ఎవరినీ నొప్పించే మనిషి కాదు. వాళ్లకు తర్వాతి హోటళ్లు పరీక్ష లేకుండా ఇచ్చేశారు, అది వేరే కేటగిరీ. మొదటిదానికి మాత్రం పారదర్శకంగా రాతపరీక్ష పెట్టారు.

సర్కారు ఉద్యోగాల కోచింగ్‌కు అడ్డా అయిన అశోక్ నగర్‌లో నోటిఫికేషన్ అన్న మాట వినబడితే చాలు. గోడకు కాగితం అంటించిన గంటలోనే, అది దేనికో చూడకుండా, నాలుగు వేల మంది అప్లై చేశారు. సాయంత్రానికి కోచింగ్ మొదలైంది. 'పోపు: ప్రాక్టీస్ బిట్లు' అనే పుస్తకం రెండో ముద్రణకు వెళ్లింది. నాకు పొయ్యి ముట్టించడం రాదు గానీ, దాని మీద మూడొందల బిట్లు నోటికి వచ్చు.

"నా చట్నీకి నేను పరీక్ష రాసుడేంది సార్?" అంది దుర్గమ్మ.

"రూల్ అందరికీ ఒక్కటే. ప్రశ్నలు నిన్ను అడిగే తయారుజేసినం గద, ఇగ పరేషానెందుకు?" అన్నారు కిషన్ రావు గారు.

నారాయణగూడలో ఒక స్కూల్లో పరీక్ష. పదిహేడో ప్రశ్న: దుర్గమ్మ చట్నీలో కిలో పల్లీలకు చింతపండు ఎంత? ముప్పై గ్రాములు, యాభై, డెబ్బై, అసలు వేయరాదు. నా ముందు బెంచీలో దుర్గమ్మ చాలాసేపు ఆ ప్రశ్ననే చూసింది. చివరికి నాలుగు సున్నాలూ దిద్దకుండా వదిలేసి, పక్కన 'పులుపు చూసి' అని రాసింది. ఓఎంఆర్ షీటు మీద రాతలు రాస్తే చెల్లదు. మిషన్ ఆమె షీటును బయటికి నెట్టేసింది. నాకు ఫస్ట్ ర్యాంకు వచ్చింది.

ప్రారంభోత్సవానికి మంత్రి గారు వచ్చారు. హోటల్ మీద పన్నెండడుగుల బోర్డు, దాన్నిండా దుర్గమ్మ నవ్వు ముఖం. మంత్రి గారు ప్లేటులో ఇడ్లీ పెట్టుకుని, "చట్నీ ఏది?" అన్నారు.

"ఆప్షన్ బి సార్, యాభై గ్రాములు," అన్నాను.

మంత్రి గారు వట్టి ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నారు. జనంలోంచి దుర్గమ్మ ముందుకొచ్చింది. "జరుగు బిడ్డా, నేను చేస్త. జీతమే ఇయ్యి," అంది మెల్లగా.

కిషన్ రావు గారు నా చెవిలో, "ప్రెస్సోళ్లున్నరు క్రాంతికుమార్, రూల్ తప్పొద్దు," అన్నారు.

"గట్ల కుదరదక్కా. వంటమనిషి పోస్టుకు నోటిఫికేషన్ వస్తది, ప్రిపేర్ కా," అన్నాను.

"సిలబస్ ఏంది?" అని అడిగింది.

నేను పైన బోర్డు చూపించాను.