ఆరేళ్ళ జట్టూ, అరవై ఏళ్ళ చెయ్యీ

చరిత్ర ఉండటం కంటే పెద్ద జబ్బు ఇంకొకటి లేదు! ఆ జబ్బు పూర్తిగా నయమైన ఊరు జపాన్ మొత్తం మీద మా షియోహామా ఒక్కటే. మమ్మల్ని చూసి మీరు కుళ్ళుకున్నా నేనేమీ అనుకోను.

పెద్ద నగరాల వాళ్ళని చూడండి. తొంభై ఏళ్ళుగా ఒకటే బేస్‌బాల్ జట్టు, ఒకటే పేరు, ఒకటే పాట. తాత అరిచిన అరుపే మనవడూ అరుస్తాడు. విసుగు పుట్టదూ?

మాకా బాధ లేదు. కొన్న కంపెనీ పేరే జట్టు పేరు కాబట్టి, కంపెనీ మారినప్పుడల్లా మాకు కొత్త జన్మే! మొదట రైలు కంపెనీ వారి ఎలుగుబంట్లం. తరవాత కానాగంత చేపల డబ్బాల వారి కొంగలం. ఆ పైన కంటి చుక్కల మందు వారి గుడ్లగూబలం. ఇప్పుడు ఫోన్ ఆటల కంపెనీ వారి, నిప్పులు కక్కే అదేదో జంతువులం. దాని పేరు నా కట్టుడు పళ్ళకి లొంగదు.

పేరుతో పాటు పాటా మారుతుంది. కుడివైపు గ్యాలరీలో నిలబడే మాకు కొత్త పాట నేర్పడానికి కంపెనీ ఒక టీచరమ్మని కూడా పంపింది. నేర్చుకున్నాం. కానీ ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆట అటో ఇటో తేలనప్పుడు నోట ఏ పాట వస్తుందో ఎవడి చేతిలో ఉంది? పోయిన వేసవిలో ఎనిమిది వేలమందిమి ఒక్క గొంతుతో చేపల డబ్బా పాట అందుకున్నాం! రేవులో పడవల వాళ్ళు చేపల గుంపు వచ్చిందనుకుని వలలు దించారట. ఒట్టు! వలలు నిండాయి కూడా.

అన్నిటికన్నా పెద్ద లాభం ఓటములు మాయం కావడం. గుడ్లగూబల కాలంలో వరసగా పంతొమ్మిది ఆటలు ఓడాం. ఓడాం అన్నానా? తప్పు తప్పు, వాళ్ళు ఓడారు. మా జట్టు వయసు ఆరేళ్ళే! ఒసాకా నుంచి మా బావమరిది ఫోన్ చేసి వెక్కిరిస్తే, “ఎవరి సంగతిరా నువ్వు మాట్లాడేది?” అంటాను. వాడు ఫోన్ పెట్టేస్తాడు.

ఇంత సుఖంగా ఉన్నామా, ఈ వసంతంలో స్టేడియం పక్కన కంపెనీ వారు జట్టు చరిత్ర మందిరం తెరిచారు. మా పక్కింటి నెమోటో షిగెజోకి కాలు నిలవలేదు. అరవై రెండేళ్ళ కిందట, కొంగల కాలంలో, మా ఊరు ఒకే ఒక్కసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ ఆఖరి బంతి వేసింది ఈయనే. గోడ మీద తన ఫోటో ఒక్కసారి కళ్ళారా చూసుకుని పోవాలని ఆయన కోరిక.

“ముందా టై సరిగ్గా కట్టుకో. గోడ మీదున్న కుర్రాడు నిన్ను చూసి సిగ్గుపడతాడు,” అంది ఆయన భార్య ఫుమియె.

ఇద్దరం వెళ్ళాం. మూడు గదులు తిరిగాం. ఆరేళ్ళ చరిత్రకి మూడు గదులు! షిగెజో ప్రతి ఫోటో ముందూ ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, ముందుకు కదిలాడు. చివరికి అక్కడ ఫోటోలు చూపించే అమ్మాయిని అడిగాడు.

“కొంగల ఫోటోలు ఏ గదిలోనమ్మా?”

“కొంగలు మా జట్టు కాదు తాతగారూ. మా జట్టు పుట్టి ఆరేళ్ళే.”

“మరి నేను బంతి వేసింది ఎవరి తరఫునమ్మా?”

ఆ పిల్ల మంచిది. గొంతు తగ్గించింది. “ఆ ఫోటోల్లో చొక్కా మీద చేపల కంపెనీ గుర్తు ఉంటుంది కదండీ. అది కనిపించకూడదని పైవాళ్ళ మాట.”

గుమ్మం దగ్గర షిగెజో ఠక్కున ఆగిపోయాడు. అక్కడ ఒక పాత ఫోటో ఉంది. మనిషి లేడు. మణికట్టు దగ్గర కత్తిరించిన ఒట్టి చెయ్యి. రెండు వేళ్ళ మధ్య ఇరికించిన బంతి, పక్కకి తిరిగిన చిటికెన వేలు. కింద ‘బంతి పట్టుకునే పద్ధతి’ అని రాసుంది.

షిగెజో తన చెయ్యి ఎత్తి ఫోటో పక్కన పెట్టాడు. అదే వంకర చిటికెన వేలు! ఆ పిల్ల ఫోటోనీ చేతినీ మార్చి మార్చి చూసి, నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది.

“ఫరవాలేదమ్మా,” అన్నాడాయన. “చెయ్యైనా ఉంచారు.”

ఇంటికొచ్చాక ఫుమియె, “ఫోటోలో బాగున్నావా?” అని అడిగితే, “సన్నగా ఉన్నాను,” అన్నాడు.

అయ్యా కంపెనీ వారూ! పేరు మార్చారు, మార్చండి. పాట మార్చారు, నేర్చుకుంటాం. పోయినేడాది జట్టు అట్టడుగున నిలిచింది కాబట్టి, మీరూ అమ్మకానికి పెట్టారని ఊరంతా అనుకుంటోంది. రేపు ఏ చెప్పుల కంపెనీయో కొని కొత్త మందిరం కడుతుంది. అందుకే ముందుగా అడుగుతున్నాను. గోడ మీద మీ చెయ్యి ఉంచమంటారా, చెవి ఉంచమంటారా? ఇప్పుడే రాసిచ్చి పోండి.