పచ్చ చుక్కకు కాపలా

ఆ ఉదయం అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరవడం, పదింటికి కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష రాయడం, పన్నెండున్నరకి తిరిగొచ్చి అసలు కుర్చీలోంచి కదలనే లేదన్నట్టు కూర్చోవడం. మధ్యలో ఆ కుర్చీలో ఎవరుంటారన్నదే చిక్కు.

ఇంట్లోంచే చేస్తున్న గ్రాఫిక్ డిజైన్ ఇంటర్న్‌షిప్‌కి అది ఆఖరి రోజు. మూడు నెలలుగా ఆమె మేనేజర్ ముఖం చూడలేదు, ఆయనా ఆమె ముఖం చూడలేదు. ఆయన చూసేదల్లా ఆమె పేరు పక్కన వెలిగే పచ్చ చుక్క. అది పది నిమిషాలు ఆరిందా, ఆ రోజు గైర్హాజరు. గైర్హాజరైతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే డిగ్రీ లేదు.

"అమ్మా, ఐదు నిమిషాలకోసారి ఈ మౌస్ కదుపు. ఇంకేదీ ముట్టుకోకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

"ఓస్, ఇంతేనా! ఇన్నేళ్లు పొయ్యి మీద పాలు పొంగకుండా కాశాను, ఓ చుక్కని కాయలేనా? వెళ్లిరా."

అమ్మ చిక్కుడుకాయల పళ్లెంతో సహా కుర్చీలో స్థిరపడింది. తెర మీద గొడుగుల కంపెనీ పోస్టరు ఉంది. అంతా తెల్లటి ఖాళీ, నట్టనడుమ బొటనవేలంత పసుపు గొడుగు. రెండు వారాలు కష్టపడి అమ్మాయి సాధించిన ఖాళీ అది.

పదిన్నరకి మేనేజర్ పేరుతో ఓ ప్రశ్న వచ్చింది. "గొడుగు మరీ చిన్నదిగా లేదూ?"

పలకరిస్తే పలక్కపోవడం అమ్మకి చేతకాదు. అక్షరాలు ఏరుకుని "నిజమే" అని కొట్టింది. మూడు నెలలు కూతురి వెనక నిలబడి నేర్చిన విద్యతో గొడుగు కొస పట్టి లాగింది. సాగింది. "ఇంకాస్త" అన్నారు అవతల. ఇంకాస్త సాగింది.

"కింద మనుషులుంటే నిండుగా ఉంటుంది."

చేతికి దొరికిన మొదటి ఫొటోని తెచ్చి గొడుగు కింద నిలబెట్టింది.

"ఎవరీయన?"

"మా తమ్ముడు."

"పెళ్లయిందా?"

"అయింది. ఇద్దరు పిల్లలు."

"మరి వాళ్లని వానలో వదిలేస్తారా?"

నిజమే కదా అనిపించింది. మరదలూ పిల్లలూ వచ్చారు. మరదలొచ్చాక ఆడపడుచు రాకపోతే బాగుండదని అమ్మ తనూ వచ్చింది. ఖాళీ అంగుళం మిగల్లేదు. "ఇప్పుడు కళగా ఉంది" అని మెచ్చుకోలు వచ్చింది. ఆ వెనకే తెర మీద ఓ పట్టీ మెరిసింది: ఆమోదించారు, క్లయింటుకి పంపారు.

తిరిగొచ్చిన అమ్మాయి అదంతా చదివి మంచం మీద కూలబడింది.

"నా కొంప ముంచావు కదమ్మా! మేనేజర్‌తో మామయ్య పెళ్లి కబుర్లేంటి?"

"ఆయనే అడిగాడే! పాపం, ఎంత కలుపుగోలు మనిషో."

అంతలో ఫోను మోగింది. మేనేజరే. అమ్మాయి కళ్లు మూసుకుని నిజం ఒప్పేసుకుందామని నోరు తెరిచింది. "సార్, పొద్దున లాప్‌టాప్ దగ్గర నేను..."

"ఒక్క నిమిషం." ఆయన గొంతు నీరుగారిపోయి ఉంది. "పొద్దున నేను... మీతో ఏం మాట్లాడానో కాస్త చెబుతారా?"

ఆయన వెనకనుంచి ఓ పెద్దావిడ గొంతు ఖంగుమంది. "ఏం మాట్లాడతాను అల్లుడుగారూ! మీరు పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి వచ్చేదాకా చుక్క ఆరకుండా చూడమన్నారు, చూశాను. బొత్తాం మెరుస్తుంటే అదీ నొక్కాను. ఆ పిల్ల బంగారం, ముందు దాని సర్టిఫికెట్ ఇచ్చెయ్యండి!"

అవతల గబగబా తలుపు వేసిన చప్పుడైంది.

"మీరు ఎవరికీ చెప్పరుగా?" అన్నాడాయన.

"మీరూ చెప్పరుగా సార్?"

ఐదు నిమిషాల్లో సర్టిఫికెట్ వచ్చింది. సాయంత్రానికి క్లయింటు, పోస్టరు అచ్చుకి వెళ్లిపోయిందని కబురు పెట్టాడు.

ఆ ఆఫీసు చరిత్రలో ఒక్క సవరణా లేకుండా అచ్చుకెక్కిన పోస్టరు అదొక్కటే.