కారుతున్నది ఎవరిది

ఆ శనివారానికి పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే మెకానిక్ షెడ్డుకు వెళ్ళి, తన ఎర్ర కారు పని దగ్గరుండి పూర్తి చేయించుకోవాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, మూత్రనాళంలో రాయి ఇరుక్కుని నిన్ననే తమ ఇంట్లో దిగిన మామగారిని భార్య కారులో మెత్తగా ఆసుపత్రికి చేర్చాలి. ఆదివారం రేసు ట్రాక్ మీదికి వెళ్ళి పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలి.

ఆ పరువు పోయింది పోయిన నెలలో. డాక్టరుగారి ఎర్ర కారు రెండు తలుపుల బండి. తిన్నగా పోతే బాణం, మలుపు వచ్చిందంటే పడవ. స్టీరింగు తిప్పీ తిప్పగానే బరువంతా ఒక పక్కకు జారి, ఆ పక్క స్ప్రింగులు కుంగిపోయి, బండి మోచేతి మీద వాలిన మనిషిలా ఒరిగిపోయేది. అలా ఒరిగిన క్షణంలోనే ఒక చర్మవ్యాధుల డాక్టరు, ఇంతకంటే తక్కువ బలమున్న బండిలో, లోపలి వైపు నుంచి దాటుకుపోయాడు. పోతూ పోతూ చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి పళ్ళ డాక్టరు మనసులో ఇంకా ఊగుతూనే ఉంది.

గట్టి స్ప్రింగులు, వాటి ఎగురుడును అదుపులో పెట్టే షాకబ్జార్బర్లు, బండి ఒరగకుండా పట్టి ఉంచే లావుపాటి కడ్డీ వేయించి, బండిని నేలకు మరికాస్త దించితే ఈ అవమానం మళ్ళీ జరగదు. కష్టమల్లా ఒక్కటే. "ఆ కారుకి ఇంకొక్క మేకు కొట్టించారంటే నేను మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోతాను" అని భార్య ఏనాడో తేల్చి చెప్పింది. ఇప్పుడు ఆ అమ్మావాళ్ళే ఇక్కడికి వచ్చి ఉన్నారు కాబట్టి బెదిరింపుకు కోరలు ఊడినట్టేనని డాక్టరు తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అయినా చెప్పలేదు.

టిఫిన్ ముగించి బయల్దేరబోతుండగా ఫోను మోగింది. షెడ్డు నుంచి మెకానిక్. డాక్టరు పెరటి వైపు నడిచి, వంటింటి కిటికీ కింద నిలబడి గొంతు తగ్గించాడు. కిటికీకి అవతల అత్తగారు గిన్నెలు తుడుస్తోంది.

"ఏమిటీ, కుడివైపుది కారుతోందా?" అన్నాడు డాక్టరు. "అయితే ఎడమదీ తీసెయ్యి. ఒక్కటే మారిస్తే ఎలా? మారిస్తే జతగా మార్చాలి."

అత్తగారి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"దొరికాయా? ఎక్కడివి? ...యాక్సిడెంటా! అయ్యో పాపం, కుర్రాడా? ...అయితే పెద్దగా వాడినవి కావన్నమాట. మంచిది, అవే పెట్టేద్దాం. ఇవాళే అయిపోవాలి సుమా. పాతవా? వాటికింక ప్రాణం లేదు, పారెయ్యి. ...లేదు లేదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆవిడకి అసలే తెలియకూడదు."

డాక్టరు ఫోను జేబులో పెట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. అల్లుడు చూసేది పళ్ళే కావచ్చు, కానీ డాక్టరు డాక్టరే. ఆసుపత్రి వాళ్ళు అసలు సంగతి ఆయనకు కాక ఇంకెవరికి చెబుతారు? అత్తగారు గిన్నె బోర్లించి, స్టూలు మీద కూర్చుంది. రాయి అన్నారు. రాయి కాదు, రెండు కిడ్నీలూ పోయాయి. కూతురికి చెబితే దాని గుండె ఆగిపోతుంది. ఆయనకు చెబితే ఆయన గుండె ఆగిపోతుంది. ఎవరికీ చెప్పకపోతే తన గుండె ఆగిపోయేలా ఉంది.

అందుకని అక్కకు ఫోను చేసింది. "నీ కడుపులో పెట్టుకో అక్కా" అంది ఏడుస్తూ. ఆ అక్క కడుపులో దాచడమంటే జల్లెడలో నీళ్ళు దాచడం. ఆవిడ కొడుక్కి చెప్పింది, కొడుకు పినతండ్రికి చెప్పాడు. ఇంటింటికీ దాటే కొద్దీ రోగం ముదిరింది. మొదటి ఇంట్లో రెండు కిడ్నీలూ మార్చాలి. రెండో ఇంటికి చేరేసరికి ఇవాళే మార్చాలి. చివరికి మామగారి తమ్ముడి చెవిన పడేసరికి, సాయంత్రం దాటడం కష్టమని తేలింది.

ఆ తమ్ముడు బట్టల కొట్టు నడుపుతాడు. అన్న రిటైరైన జడ్జి. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయి ఏళ్ళు గడిచాయి. కారణం చదరంగం. ఒకసారి ఆటలో జడ్జిగారు ఏనుగును జరిపి, ముప్పు చూసుకుని వెనక్కి తీసుకున్నారు. "తీర్పులు కూడా ఇలాగే మార్చేవాడివా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు, నలుగురి ముందు. జడ్జిగారు లేచి వెళ్ళిపోయారు. మధ్యలో రెండు ఇళ్ళలో పెళ్ళిళ్ళు జరిగాయి, ఒక ఇంట్లో చావు కూడా జరిగింది. ఎవరూ ఎవరింటి గడపా తొక్కలేదు. ఇప్పుడు కబురు విన్న తమ్ముడు కొట్లో బేరం మధ్యలో లేచాడు. చీర చూపిస్తున్నవాడు ఆ చీర భుజాన వేసుకునే వచ్చేశాడు.

ఇదేమీ తెలియని డాక్టరు షెడ్డులో కారు కింద తొంగి చూస్తున్నాడు. మెకానిక్ మంచి మనిషి. "సార్, ఈ షాకబ్జార్బర్లని బిగించుకోవచ్చు, వదులు చేసుకోవచ్చు. మామూలు రోడ్డు మీద ఇంత గట్టిగా పెడితే నడుము విరుగుతుంది. ఇవాళ్టికి వదులుగా ఉంచి, రేపు ట్రాక్ మీద బిగిద్దాం" అన్నాడు.

"వద్దు. పూర్తిగా బిగించెయ్యి. అలవాటు పడాలి" అన్నాడు డాక్టరు.

పూర్తిగానే బిగించారు. తిరుగు దారిలో డాక్టరు ఆనందానికి అంతులేదు. చౌరస్తాలో స్టీరింగు తిప్పితే బండి గీత గీసినట్టు తిరిగింది, వెంట్రుక వాసి ఒరగలేదు. రోడ్డు మీద ఉన్నది ఉన్నట్టు వెన్నెముకకు చెబుతోంది. చక్రం కింద నాణెం పడితే బొమ్మో బొరుసో చెప్పేయగలననుకున్నాడు డాక్టరు. స్పీడ్ బ్రేకరు దగ్గర కళ్ళజోడు ఎగిరి ఒళ్ళో పడింది. దాన్ని కూడా గర్వంగానే తీసి పెట్టుకున్నాడు.

తమ వీధి మలుపు తిరిగేసరికి వీధంతా కార్లు. గేటు ముందు మూడు వరుసలు. భార్య కారు లోపల ఇరుక్కుపోయి ఉంది. డాక్టరు తన బండిని వీధి చివర దాచినట్టే ఆపి, నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. హాలు నిండా చుట్టాలు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన్ని చూడగానే దారి ఇచ్చారు. భార్య ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

కారు సంగతేననుకున్నాడు డాక్టరు. తెలిసిపోయింది. అయితే మాత్రం, ఇంతమందిని పిలిచి పంచాయితీ పెట్టాలా?

"నువ్వు బాధపడతావని" అన్నాడు నేల చూస్తూ.

"ఎప్పట్నించీ తెలుసు మీకు?"

"పోయిన నెల నుంచి. మలుపుల దగ్గర ఒక పక్కకి ఒరిగిపోతుంటే అనుమానం వచ్చింది."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అవును, నిన్న నాన్న మెట్ల మలుపులో ఒరిగి గోడ పట్టుకున్నారు. నేనే గమనించుకోలేదు. రెండూ మార్చాల్సిందేనా?"

"రెండేమిటి, నాలుగూ మార్చాం" అన్నాడు డాక్టరు, ఎటూ తెలిసిపోయింది కదాని.

"నాలుగా!" అంది భార్య. ఆవిడ ఇంకేదో అడగబోయేంతలో జడ్జిగారి గొంతు వినపడింది. హాలు లేచి నిలబడింది.

జడ్జిగారు పడకగది గుమ్మంలో, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. నొప్పికి నుదురంతా చెమట. అయినా తీర్పు చదివే గొంతుతోనే మాట్లాడారు. "నా పరిస్థితి నాకు తెలియనివ్వకూడదని మీరంతా చాలా జాగ్రత్తపడ్డారు. గోడలు పల్చగా ఉన్నాయి. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఒక్కడితో మాత్రం మాట్లాడాలి. వాడు రాడు."

"వచ్చాను అన్నయ్యా" అన్నాడు తమ్ముడు వెనక నుంచి. చీర ఇంకా భుజాన ఉంది. "నీకు కావాల్సింది నా దగ్గర రెండున్నాయి. ఒకటి తీసుకో. అది చాలకపోతే రెండోదాని సంగతి తర్వాత చూద్దాం."

జడ్జిగారు గుమ్మం వదిలి తమ్ముడి ఎదుటికి వచ్చారు. "ఏనుగును వెనక్కి తీసుకోవడం తప్పేరా" అన్నారు. "ఆ రోజే తెలుసు నాకు."

తమ్ముడు ఆయన్ని పట్టుకుని భోరుమన్నాడు. జడ్జిగారు ఆ చీర చెంగుతోనే కళ్ళు తుడుచుకున్నారు. గదిలో తడవని కళ్ళు డాక్టరువి మాత్రమే. "ఏం జరుగుతోంది?" అన్నాడు భార్య చెవిలో.

"అదేమిటి? కుడిది కారుతోంది, రెండూ మార్చాలి, యాక్సిడెంటైన కుర్రాడివి పెడతామన్నారని మీరేగా ఫోనులో అన్నది? అమ్మ విందిగా!"

డాక్టరుకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నోరు తెరిచాడు. ఇన్నేళ్ళ తర్వాత ఒకరినొకరు పట్టుకున్న ఆ ఇద్దరు ముసలాళ్ళను చూశాడు. మూసేశాడు. ఈలోగా జడ్జిగారు నొప్పికి మెలికలు తిరిగిపోయారు, అందరూ ఆసుపత్రి అన్నారు. భార్య కారు బయటికి రావాలంటే ముందు చుట్టాల కార్లన్నీ కదలాలి. తాళంచెవులు ఎవరివి ఎవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ తెలియదు. దారికి అడ్డం లేని బండి ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది.

మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక సీటు పేరుకే సీటు, గొడుగు పెట్టుకోవడానికి సరిపోతుంది. "కిడ్నీ నాది, నేను రావాల్సిందే" అంటూ తమ్ముడు మోకాళ్ళు గడ్డానికి ఆనించి అందులో మడతపడ్డాడు.

బండి కదిలింది. మొదటి గతుకుకు జడ్జిగారు "అబ్బా" అన్నారు. రెండోదానికి దేవుణ్ణి పిలిచారు. మూడోదానికి, "అల్లుడుగారూ, నిన్న వచ్చేటప్పుడు ఈ రోడ్డు బాగానే ఉండేదే!" అన్నారు.

డాక్టరు ఇక తట్టుకోలేకపోయాడు. "మామయ్యగారూ, రోడ్డు బాగానే ఉంది. మీ కిడ్నీలూ బాగానే ఉన్నాయి. మీకున్నది ఒట్టి రాయే. కారుతున్నది మీది కాదు, కారుది. వెనక చక్రం షాకబ్జార్బరు. నేను ఫోనులో మాట్లాడింది మెకానిక్కుతో."

ఇంకో గతుకు.

"అంటే నేను పోవడం లేదా?" అన్నారు జడ్జిగారు.

"లేదండీ."

"మరి నేను తప్పు ఒప్పుకున్నానే! అంతమంది ముందు!"

"ఒప్పుకున్నావుగా, అయిపోయింది" అన్నాడు తమ్ముడు వెనక నుంచి.

"చావు భయంతో ఇచ్చిన వాంగ్మూలం అది. చెల్లదు."

"చూశావా! మళ్ళీ వెనక్కి తీసుకుంటున్నావు! అల్లుడూ, బండాపు, నేను దిగిపోతాను!"

"దిగరా! నీ కిడ్నీ నువ్వే పట్టుకుపో!"

ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరికేం చెప్పాలో తోచక డాక్టరు వెనక్కి తల తిప్పాడు. ఎదురుగా వచ్చిన రైలు పట్టాలను అందుకే చూడలేదు. పూర్తిగా బిగించిన నాలుగు షాకబ్జార్బర్లూ ఆ పట్టాలను ఒక్కటొక్కటిగా, ఏమీ దాచుకోకుండా, లోపలివాళ్ళకు అందజేశాయి. తమ్ముడి తల పైకప్పుకు తగిలింది. జడ్జిగారు సీటు మీంచి లేచి, గాలిలో కాసేపు ఆగినట్టు ఆగి, దబ్బున పడ్డారు. ఆ తర్వాత అరవలేదు.

"అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. "అన్నయ్యా!" ఈసారి ఆ గొంతులో చదరంగం లేదు.

జడ్జిగారు నెమ్మదిగా నడుము మీంచి చెయ్యి తీశారు. ఆ చేతినే అనుమానంగా చూసుకున్నారు. "నొప్పి లేదురా" అన్నారు.

ఆసుపత్రిలో స్కానింగు తీసిన డాక్టరమ్మ తెరను అటూ ఇటూ తిప్పి చూసింది. ఇరుక్కున్న చోట రాయి లేదు. జారి మూత్రాశయంలోకి దిగిపోయింది, ఇక నీళ్ళు బాగా తాగితే దానంతటదే పోతుంది, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పింది. "ఇంతకీ ఏం మందు వాడారు?" అని అడిగింది. ముగ్గురూ కిటికీలోంచి ఎర్ర కారు వైపు చూశారు.

వరండాలో అన్నదమ్ములు ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. కాసేపటికి జడ్జిగారు గోడతో అన్నట్టుగా అన్నారు: "నిజంగానే ఇచ్చేవాడివేంట్రా?"

"ఇవ్వనివాడినైతే ఆ వెనక సీట్లో కూర్చుంటానా?"

జడ్జిగారు ఆలోచించారు. సాక్ష్యం బలంగానే ఉంది. మెల్లగా జరిగి, మధ్యలోని చోటు తగ్గించారు. "సరే. ఏనుగు సంగతి అన్నమాట అన్నట్టే. వెనక్కి తీసుకోను" అన్నారు.

సాయంత్రం భార్య వీధి చివరికి వెళ్ళి, నేలకు ఆనుకున్నట్టున్న ఎర్ర కారు చుట్టూ తిరిగింది. పాత బెదిరింపు గుర్తు చేస్తుందని డాక్టరు తల వంచుకుని నిలబడ్డాడు. ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి, "రేపు ఎక్కడికీ వెళ్ళకండి" అని మాత్రం అంది.

ఎందుకో ఆదివారం పొద్దున తెలిసింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని తలుపు తీసేసరికి, గుమ్మంలో దూరపు చుట్టం ఒకాయన సంచీతో, నడుము మీద చేత్తో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక మరొకాయన కూడా అలాగే నిలబడ్డాడు. గేటు దగ్గర ఒకావిడను ఇద్దరు పట్టుకుని దింపుతున్నారు. "పాపం, పెద్దమ్మ నోట విని ఎంతో దూరం నుంచి వచ్చారండీ. పట్టాల మీదుగా ఒక్క చుట్టు తిప్పుకొచ్చేయండి" అంది భార్య. డాక్టరు హెల్మెట్ తీసి మొదటాయన చేతికిచ్చాడు.

ఇన్నేళ్ళ ప్రాక్టీసులో పన్ను నొప్పని ఆ ఇంటి గడప తొక్కిన చుట్టం ఒక్కరూ లేరు.